రెండు పాయలు కలిస్తేనే గుండె!

పురిటి బిడ్డ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టిన పిల్లల డాక్టరు, మామూలు కంటే ఇంకాసేపు అక్కడే ఆగారనుకోండి. ‘ఏదో చిన్న శబ్దం వినిపిస్తోందమ్మా, ఒకసారి ఎకో తీయిద్దాం’ అన్నారనుకోండి. ఆ ఆసుపత్రి మచిలీపట్నంలోదైనా, గుడివాడలోదైనా, అవనిగడ్డలోదైనా ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఒకటే ప్రశ్న తిరుగుతుంది. ‘ఎందుకిలా అయింది?’

జవాబు వెతికే వేళ్లన్నీ చివరికి తల్లివైపే తిరుగుతాయి. అయిదో నెలలో నీళ్ల బిందె ఎత్తావన్నారు. ఏడో నెలలో పెళ్లికని బస్సెక్కావన్నారు. గ్రహణం రోజు గుమ్మంలో నిలబడ్డావన్నారు. ఒకవేళ అత్తగారూ ఆడపడుచులూ ఏమీ అనకపోయినా, తల్లే రాత్రిళ్లు కూర్చుని ఆ తొమ్మిది నెలల్నీ రోజురోజుగా తిరగేసుకుంటుంది. నేనేం తప్పు చేశాను?

ఈ ప్రశ్నకు జవాబులో పెద్ద భాగాన్ని మనకు చెప్పింది ఒక చేప. చిటికెన వేలంత పొడవు కూడా లేని చేప. ఆ చేప గుడ్డులో గుండె ఎలా తయారవుతుందో తెలుసుకుంటే, గర్భం దాల్చకముందు ఏం చేయాలో, దాల్చాక ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలో, పుట్టాక దేన్ని గమనించాలో తెలుస్తుంది. ఎవరినీ నిందించకూడదనీ తెలుస్తుంది.

చేపల సీమకు చేప కథ

గుడివాడ నుంచి కైకలూరు వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా చెరువులే. హేచరీల్లో శీలావతి, బొచ్చె గుడ్లను చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. నీళ్లలో ఉబ్బిన గుడ్డు గాజుపూసలా ఉంటుంది. లోపల పిల్ల మెదలడం బయటికే కనిపిస్తుంది. శాస్త్రవేత్తలు కోరుకున్నదీ సరిగ్గా అదే. కడుపు కోయకుండా, గుడ్డు పగలగొట్టకుండా, లోపల జరిగేదంతా చూడగలగాలి.

అందుకు వాళ్లు ఎంచుకున్నది జీబ్రా చేప. అక్వేరియం దుకాణాల్లో మీరూ చూసే ఉంటారు. ఒంటి మీద తల నుంచి తోక దాకా నీలి చారలుంటాయి. పొడవు మూడు, నాలుగు సెంటీమీటర్లు. ఇది పరాయి దేశం చేపేమీ కాదు, మన ఉపఖండానిదే. గంగా పరీవాహక ప్రాంతంలోని చేపల మీద 1822లో పుస్తకం రాసిన స్కాట్లాండ్ వైద్యుడు ఫ్రాన్సిస్ హామిల్టన్ దీన్ని మొదట శాస్త్రలోకానికి పరిచయం చేశారు. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ దీన్ని ప్రయోగశాల జీవిగా మలిచారు. ఇప్పుడు హైదరాబాద్‌లోని సీసీఎంబీలోనూ, డాక్టర్ రెడ్డీస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లోనూ జీబ్రా చేపల మీద పరిశోధనలు సాగుతున్నాయి. పుణెలోని అగార్కర్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వీటి గుండె మీదే పనిచేస్తున్నారు.

ఈ చేపే ఎందుకు? ఒకటి, తల్లి చేప ఒక్కసారికి వంద, రెండొందల గుడ్లు పెడుతుంది. పిండం తల్లి ఒంటికి బయటే పెరుగుతుంది. రెండు, పిండం పారదర్శకం. మైక్రోస్కోపు కింద పెడితే కొట్టుకుంటున్న గుండెను నేరుగా చూడొచ్చు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఈ పిండం ఎంత చిన్నదంటే, దానికి కావాల్సిన ఆక్సిజన్ చుట్టూ ఉన్న నీళ్ల నుంచే ఒంట్లోకి ఇంకుతుంది. కాబట్టి గుండె సరిగా తయారు కాకపోయినా, అసలు కొట్టుకోకపోయినా కొన్ని రోజుల పాటు బతికే ఉంటుంది. ఎలుకలోనో, కోడిపిల్లలోనో గుండె ఏర్పడటంలో పెద్ద తేడా వస్తే పిండం వెంటనే చనిపోతుంది. ఏం పాడైందో చూసే వ్యవధి ఉండదు. జీబ్రా చేప ఆ వ్యవధి ఇస్తుంది.

‘చేపకూ మనకూ ఏం పోలిక?’ అనిపించొచ్చు. జీబ్రా చేప జన్యుపటాన్ని 2013లో పూర్తిగా ప్రచురించారు. మనిషి జన్యువుల్లో సుమారు 70 శాతానికి సరిజోడు జన్యువులు ఈ చేపలో ఉన్నాయని అందులో తేలింది. గుండెను నిర్మించే జన్యువులు చాలావరకు ఆ జాబితాలోనివే.

ఒక్క రోజులో గుండె

గుండె మొదటి నుంచీ ఛాతీ మధ్యలో ఒక ముద్దలా పుట్టి పెరుగుతుందని మనం అనుకుంటాం. కాదు. గుండె అయ్యే కణాలు పుట్టేది ఒకచోట, అవి చేరాల్సింది మరొకచోట. పైగా అవి ఒక్క గుంపు కాదు, రెండు గుంపులు.

జీబ్రా చేప గుడ్డు ఫలదీకరణ చెందిన అయిదు గంటలకు, గుండె కాబోయే కణాలు పిండానికి కుడి అంచున కొన్ని, ఎడమ అంచున కొన్ని ఉంటాయి. అక్కడి నుంచి రెండు గుంపులూ బయల్దేరతాయి. ఏ కణమూ ఒంటరిగా పరుగెత్తదు. ఒకదాన్నొకటి పట్టుకుని, ఒక పలచని పొరలా, మధ్యగీత వైపు జరుగుతాయి. పద్దెనిమిది గంటలయ్యేసరికి రెండూ మధ్యలో కలుసుకుంటాయి. ఇరవై నాలుగు గంటలకు అవి ఒక చిన్న గొట్టంగా మారతాయి. ఆ గొట్టం కొట్టుకోవడం మొదలుపెడుతుంది. నిన్న ఈ వేళకు ఒకే ఒక్క కణం. ఈ వేళకు కొట్టుకునే గుండె! ముప్పై ఆరు గంటలకు గొట్టం వంపు తిరుగుతుంది. నలభై ఎనిమిది గంటలకు కర్ణిక, జఠరిక వేర్వేరుగా కనిపిస్తాయి. చేప గుండెకు రెండు గదులే. మన గుండెకు నాలుగు. కానీ మొదలయ్యేది మాత్రం రెండూ ఇలాగే.

జెల్లీఫిష్ నుంచి తీసుకున్న, ఆకుపచ్చగా మెరిసే ప్రొటీన్‌ను ఈ కణాల్లో పలికించడం వచ్చాక, వాటి ప్రయాణాన్ని నిమిషం నిమిషం చిత్రీకరించడమూ సాధ్యమైంది.

దివిసీమ వాళ్లకు ఈ దృశ్యం చెప్పడం తేలిక. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. మధ్యలో దివిసీమను వదిలి, రెండు పాయలూ వేర్వేరుగా సముద్రంలో కలుస్తాయి. ఆ బొమ్మను తిరగేసి చూడండి. సముద్రం వైపు నుంచి రెండు పాయలు వెనక్కి ప్రవహించి పులిగడ్డ దగ్గర ఒక్కటైతే ఎలా ఉంటుందో, గుండె తయారీ అలా ఉంటుంది. మరి ఆ రెండు పాయలూ కలవకపోతే?

‘మైళ్ల దూరం’లో ఆగిపోయిన కణాలు

1990లలో జర్మనీలోని ట్యూబింగెన్‌లో క్రిస్టియానే న్యుస్‌లైన్-ఫోల్‌హార్డ్ బృందం, అమెరికాలోని బోస్టన్‌లో మరో బృందం ఒక భారీ పని తలపెట్టాయి. చేపల జన్యువుల్లో రసాయనంతో అక్కడక్కడా మార్పులు కలిగించి, వాటి మునిమనవలు, మునిమనవరాళ్ల తరంలో ఏ అవయవం ఎలా తేడాగా తయారవుతుందో ఒక్కొక్క పిండాన్నీ చూస్తూ పోయారు. ఆ ఫలితాలన్నీ 1996 డిసెంబరులో ‘డెవలప్‌మెంట్’ పత్రిక ఒకే సంచికలో 37 పరిశోధన పత్రాలుగా వచ్చాయి.

వాటిలో ఒక రకం పిండాలను చూసి శాస్త్రవేత్తలు ఆశ్చర్యపోయారు. వాటికి ఒక గుండె లేదు, రెండున్నాయి! కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. రెండూ కొట్టుకుంటున్నాయి. కానీ దేనికీ రక్తనాళాలతో సరైన సంబంధం లేక, రక్తం తిరగడం లేదు. రెండు గుంపులూ మధ్యకు రాకుండా ఎక్కడివక్కడ ఆగిపోయి, అక్కడే చెరో గుండెగా మారాయన్నమాట. ఈ లోపానికి ‘మైల్స్ అపార్ట్’ అని పేరు పెట్టారు. మైళ్ల దూరం అని.

తప్పు ఎవరిది? ఆ కణాలకు నడవడం రాలేదని అనుకోవడం సహజం. డిడియర్ స్టెయినియర్ బృందం 2000లో ప్రచురించిన పరిశోధనలో దీన్ని తేల్చే ప్రయోగం చేసింది. లోపమున్న పిండం నుంచి గుండె కణాలను తీసి, ఆరోగ్యంగా ఉన్న పిండంలో పెట్టారు. అవి చక్కగా నడిచి మధ్యకు చేరాయి. ఆరోగ్యంగా ఉన్న కణాలను తీసుకెళ్లి లోపమున్న పిండంలో పెట్టారు. అవి కదల్లేక ఆగిపోయాయి. అంటే నడిచేవాళ్లలో తప్పు లేదు. తప్పు దారిలో ఉంది.

ఆ దారి ఏమిటో తర్వాతి పరిశోధనలు ఒక్కొక్కటిగా చెప్పాయి. కణాలు అడుగు మోపడానికి కింద ఫైబ్రోనెక్టిన్ అనే జిగురులాంటి ప్రొటీన్ పరిచి ఉండాలి. అది లేకపోతే గుండె పొర సరిగా కూడుకోదని 2004లో తెలిసింది. పిండానికి ఆహారమిచ్చే పచ్చసొన వైపు నుంచి ఒక కొవ్వుజాతి రసాయన సంకేతం రావాలి. ఆ సంకేతాన్ని బయటికి పంపే ద్వారం పనిచేయకపోయినా రెండు గుండెలే ఏర్పడతాయని 2008, 2009లలో వచ్చిన పరిశోధనలు చూపాయి. సంకేతాన్ని అందుకోవాల్సింది గుండె కణాలు కాదు, వాటి కింద ఉన్న పొర. తర్వాతి రోజుల్లో పేగులు, ఊపిరితిత్తుల లోపలి పొరగా మారేది అదే. ఆ పొర మధ్యకు జరిగితేనే గుండె కణాలూ జరుగుతాయి. కాలువ గట్టు, తూము, నీటి వాలు అన్నీ కుదిరితేనే చివరి పొలానికి నీరందినట్టు, ఇన్ని కుదిరితేనే రెండు పాయలూ ఒక గుండెగా కలుస్తాయి.

చేప నుంచి మన పిల్లల దాకా

రెండు గుండెలతో పుట్టిన పసిబిడ్డను మనం చూడం. అంత పెద్ద తేడా వస్తే మనిషి పిండం నిలవదు. మరి ఈ పరిశోధన మనకెందుకు?

గాటా అనే జన్యువుల కుటుంబాన్ని చూడండి. జీబ్రా చేపలో గాటా-5 జన్యువు దెబ్బతింటే రెండు గుంపులూ కలవవని 1999లో కనుగొన్నారు. ఎలుకలో గాటా-4 పూర్తిగా లేకపోతే అదే జరుగుతుందని 1997లోనే తెలిసింది. ఇక 2003లో, తరతరాలుగా గుండెలో రంధ్రాలతో పిల్లలు పుడుతున్న కుటుంబాలను పరీక్షిస్తే, వాళ్లలో అదే గాటా-4 జన్యువులో చిన్న మార్పు కనిపించింది. జన్యువు పూర్తిగా పోతే గుండె రెండు ముక్కలు. ఒక్క ప్రతిలో చిన్న తేడా వస్తే పై గదుల మధ్య గోడలో రంధ్రం. కథ ఒకటే, తీవ్రతలోనే తేడా.

కణాల ప్రయాణం ఆ మొదటి కలయికతోనూ ఆగదు. గొట్టం ఏర్పడ్డాక కొత్త కణాలు వెనక నుంచి వచ్చి దాన్ని పొడిగిస్తాయి. మెడ వెనక నుంచి మరో గుంపు వచ్చి, గుండె నుంచి బయటికొచ్చే ఒకే పెద్ద నాళాన్ని రెండుగా విడదీస్తుంది. ఒకటి ఒంటికి, ఒకటి ఊపిరితిత్తులకు. వీటిలో ఏ గుంపు రాక ఆలస్యమైనా, తక్కువ మంది వచ్చినా, ఎక్కడో ఒక గోడ పూర్తవదు, లేదా ఒక నాళం ఇరుకవుతుంది.

పుట్టుకతో వచ్చే గుండె లోపాలు అరుదైనవేమీ కావు. ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఎనిమిది నుంచి పది మందికి ఉంటాయి. మన దేశంలో ఏటా రెండు లక్షల మందికి పైగా పిల్లలు వీటితో పుడుతున్నారని అంచనా. వీరిలో అయిదో వంతు మందికి మొదటి ఏడాదిలోనే చికిత్స అవసరమవుతుంది. మిగతావాటిలో చిన్న చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతటవే పూడిపోతాయి.

క్యాలెండర్ ముందు పెట్టుకోండి

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వద్దాం. చేపకు ఒక్క రోజులో జరిగేది మనిషి పిండానికి మూడు వారాల్లో జరుగుతుంది. గర్భం నిలిచిన 22వ రోజు ప్రాంతంలో రెండు గొట్టాలూ కలిసి ఒకటై, కొట్టుకోవడం మొదలుపెడతాయి. లెక్కేసి చూడండి. నెలసరి రావాల్సిన రోజుకే గర్భం నిలిచి రెండు వారాలవుతుంది. అంటే, నెల తప్పిన వారం రోజులకే గుండె కలయిక అయిపోతోంది. చాలామందికి అప్పటికి ఇంకా అనుమానమే. కొందరు ఎండదెబ్బేమో, అలసటేమో అనుకుంటూ ఉంటారు. ఎనిమిది వారాలు నిండేసరికి గుండె గదులు, వాటి మధ్య గోడలు, ప్రధాన నాళాలు చాలావరకు సిద్ధమైపోతాయి. బిడ్డ అప్పటికి బొటనవేలంత కూడా ఉండదు.

కాబట్టి గుండె గోడలో రంధ్రానికి అయిదో నెలలో ఎత్తిన బిందె కారణం కాదు. ఏడో నెలలో చేసిన ప్రయాణం కారణం కాదు. గ్రహణం అసలే కారణం కాదు. బిడ్డకు జన్యువులు ఇచ్చేది తల్లీ తండ్రీ ఇద్దరూ. పైగా చాలామంది పిల్లల్లో ఫలానా ఒక్కటే కారణమని ఎంత వెతికినా తేలదు. కోట్ల కణాలు, వందల జన్యువులు, గంటల లెక్కన కుదరాల్సిన పనిలో ఎక్కడో ఒక చిన్న పొరపాటు. ఇంట్లో ఎవరైనా తల్లిని ఒక మాట అనబోతే, దయచేసి ఈ క్యాలెండర్ చూపించండి.

ఇదే క్యాలెండర్ మరో మాట కూడా చెబుతోంది. గుండె కోసం తీసుకునే జాగ్రత్త నెల తప్పాక మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. పెళ్లయి, బిడ్డ కావాలని అనుకున్న రోజే మొదలవ్వాలి.

మేనరికం సంగతి చేప ఏమంటోంది?

మైల్స్ అపార్ట్ చేపల్లో తల్లిదండ్రులు పూర్తి ఆరోగ్యంగా ఉంటాయి. ప్రతి జన్యువూ రెండు ప్రతుల్లో ఉంటుంది కదా. వాటిలో ఒకటి దెబ్బతిన్నా రెండోది పని నడిపించేస్తుంది. తల్లిదండ్రులు రెండింటిలోనూ అదే దెబ్బతిన్న ప్రతి ఉన్నప్పుడే, ప్రతి నాలుగు పిల్లల్లో ఒకదానికి రెండు ప్రతులూ పాడైనవే వచ్చే అవకాశం ఉంటుంది. శాస్త్రవేత్తలు ఇలాంటి దాగి ఉన్న లోపాలను బయటపెట్టడానికి ఏం చేశారో తెలుసా? ఒకే తల్లి పిల్లలైన చేపలను జతకట్టించారు. ఒకే కుటుంబంలో ఒకే లోపం దాగి ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి.

మన ఇళ్లలో మేనరికాల లెక్కా ఇదే. బావా మరదళ్ల మధ్యైనా, మేనమామతోనైనా పెళ్లి జరిగితే, ఒకే తాతయ్య నుంచో అమ్మమ్మ నుంచో వచ్చిన దాగిన లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో 11 వేల మందికి పైగా పిల్లల వివరాలతో 2013లో ఒక అధ్యయనం వచ్చింది. దగ్గరి బంధువులు కాని దంపతుల పిల్లల్లో పుట్టుక లోపాలు సుమారు 3 శాతమైతే, తల్లిదండ్రులు అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలైనప్పుడు 6 శాతం. ఆ లోపాల్లో గుండెవే ఎక్కువ. మేనమామతో పెళ్లయితే బంధం ఇంకా దగ్గరిది.

ఈ అంకెను రెండు వైపుల నుంచీ చదవాలి. ముప్పు రెట్టింపవుతుంది, నిజమే. కానీ వందలో 94 మంది పిల్లలు ఆ లోపాలు లేకుండానే పుడుతున్నారు. ఇప్పటికే మేనరికం చేసుకున్నవారు బెంబేలు పడక్కర్లేదు. డాక్టరు దగ్గర ఆ సంగతి దాచకుండా చెప్పి, కింద చెప్పిన పరీక్షలు తప్పకుండా చేయించుకుంటే చాలు. ఇంకా సంబంధాలు చూస్తున్నవారు మాత్రం ఒక్కసారి ఆలోచించండి.

బిడ్డ కావాలనుకున్న రోజు నుంచి..

ఫోలిక్ యాసిడ్: గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం నెల ముందు నుంచి, మూడో నెల నిండే దాకా రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి. మధుమేహం ఉన్నవారికీ, మూర్ఛ మందులు వాడేవారికీ డాక్టర్లు ఎక్కువ మోతాదు రాస్తారు. ఇది వెన్నుపాము, మెదడు లోపాలను తగ్గిస్తుందని గట్టిగా రుజువైంది. గుండె విషయంలోనూ ఆశ కలిగించే ఆధారముంది. కెనడాలో 1998లో పిండిలో ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి చేశాక, క్యూబెక్ రాష్ట్రంలో తీవ్రమైన గుండె లోపాలు ఏటా సుమారు 6 శాతం చొప్పున తగ్గుతూ వచ్చాయి. ఈ విటమిన్‌ను 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

షుగరు: గర్భానికి ముందే మధుమేహం ఉండి, అదుపులో లేకపోతే బిడ్డకు గుండె లోపం వచ్చే ముప్పు మూడు, నాలుగు రెట్లు పెరుగుతుంది. ఏడో నెలలో బయటపడే గర్భిణి షుగరు కంటే ముందు నుంచీ ఉన్న షుగరుతోనే ఈ ముప్పు ఎక్కువ. ఇంట్లో అమ్మకో నాన్నకో షుగరుంటే, మీకు పాతికేళ్లే అయినా ఒకసారి హెచ్‌బీఏ1సీ చేయించుకోండి. అది 6.5 కంటే తగ్గాకే గర్భానికి ప్రయత్నించడం మంచిది.

రుబెల్లా టీకా: మొదటి మూడు నెలల్లో తల్లికి రుబెల్లా సోకితే బిడ్డ గుండె, కళ్లు, చెవులు దెబ్బతింటాయి. మన రాష్ట్రంలో 2017లో మీజిల్స్-రుబెల్లా టీకా ప్రచారం జరిగింది. అప్పటికి 15 ఏళ్లు దాటిన అమ్మాయిలకు అది అంది ఉండకపోవచ్చు. డాక్టరును అడిగి వేయించుకోండి. వేసుకున్నాక కనీసం నెల పాటు గర్భం రాకుండా చూసుకోవాలి. గర్భిణులు వేయించుకోకూడదు.

మందులు: మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, మానసిక సమస్యలకు వాడే లిథియం, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ వంటివి గర్భం తొలి వారాల్లో ముప్పు తెస్తాయి. అలాగని సొంతంగా మానేయకూడదు. బిడ్డ కావాలనుకుంటున్నామని డాక్టరుకు చెప్తే వేరే మందు మారుస్తారు. మద్యం, పొగ రెండూ వదిలేయాలి. ఇంట్లో మగవాళ్లు వదిలే సిగరెట్టు పొగా మంచిది కాదు.

గర్భం నిలిచాక..

అందరికీ 18 నుంచి 20 వారాల మధ్య టిఫా స్కాన్ చేస్తారు. అందులో గుండె నాలుగు గదులూ, బయటికొచ్చే నాళాలూ చూశారా అని అడగడంలో మొహమాటం వద్దు. కొందరికి మాత్రం గుండెను ప్రత్యేకంగా చూసే ఫీటల్ ఎకో కావాలి. 18 నుంచి 22 వారాల మధ్య దీన్ని చేయించాలి. ఎవరికంటే:

- గర్భానికి ముందు నుంచే షుగరు ఉన్నవారికి
- తల్లికిగానీ తండ్రికిగానీ పుట్టుకతో గుండె లోపం ఉంటే
- ముందు బిడ్డకు గుండె లోపం ఉంటే. తర్వాతి బిడ్డకూ వచ్చే అవకాశం సుమారు 2 నుంచి 3 శాతం
- మేనరికం దంపతులకు
- మూర్ఛ మందులు వాడుతున్నవారికి, ఐవీఎఫ్‌తో గర్భం దాల్చినవారికి
- మూడో నెల స్కాన్‌లో బిడ్డ మెడ వెనక నీరు ఎక్కువగా కనిపించినవారికి

ముందే తెలిస్తే ఏం లాభం? దివిసీమలో నాగాయలంక, కోడూరు వైపు ఉండేవారిని అడిగితే చెప్తారు. కొన్ని లోపాలున్న బిడ్డకు పుట్టిన కొన్ని గంటల్లోనే మందు పడాలి. కాన్పు అయ్యాక, బిడ్డ నీలంగా మారాక, అంబులెన్సులో విజయవాడకు పరుగు పెడితే దారిలోనే రెండు గంటల పైగా గడిచిపోతుంది. ముందే తెలిస్తే పిల్లల గుండె వైద్యులున్న ఆసుపత్రిలోనే కాన్పు పెట్టుకోవచ్చు.

బిడ్డ పుట్టాక..

నొప్పి లేని, అయిదు నిమిషాల పరీక్ష ఒకటుంది. పుట్టిన 24 నుంచి 48 గంటల మధ్య, ఇంటికి పంపేముందు బిడ్డ కుడి చేతికీ, ఒక కాలికీ పల్స్ ఆక్సిమీటర్ పెట్టి చూస్తారు. కొవిడ్ రోజుల్లో మనందరి ఇళ్లలోకీ వచ్చిన పరికరమే, పసిపిల్లలకు సరిపోయేది. రీడింగ్ 95 కంటే తక్కువున్నా, చేతికీ కాలికీ మధ్య తేడా 3 కంటే ఎక్కువున్నా మళ్లీ చూడాలి. 90 కంటే తక్కువుంటే వెంటనే ఎకో చేయాలి. డిశ్చార్జి రోజున ‘పల్సాక్స్ చూశారా అండీ?’ అని ఒక్క మాట అడగండి.

ఇంటికొచ్చాక వీటిని గమనించండి:

- పాలు తాగుతూ మధ్యమధ్యలో ఆయాసంతో ఆగిపోవడం, నుదుటి మీద చెమట పట్టడం
- ఏడ్చినప్పుడు పెదవులు, నాలుక, గోళ్లు నీలంగా మారడం
- నిద్రలోనూ డొక్కలు ఎగరేస్తూ వేగంగా ఊపిరి తీయడం
- నెలలు గడుస్తున్నా బరువు పెరగకపోవడం
- మాటిమాటికీ న్యుమోనియా రావడం

‘పాలు చాలక బక్కగా ఉన్నాడు’, ‘దిష్టి తగిలింది’ అని వారాలు గడపొద్దు. పాలు తాగేటప్పుడు పట్టే చెమట, పసిబిడ్డకు పెద్దవాళ్ల ఛాతీనొప్పి లాంటి హెచ్చరిక.

డబ్బు గురించి కంగారుపడేవారికి ఒక మాట. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను పరీక్షిస్తారు. అంగన్‌వాడీల్లో ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడుల్లో ఒకసారి. వెతికే లోపాల్లో గుండె లోపాలూ ఉన్నాయి. ఆరోగ్యశ్రీగా మనకు తెలిసిన పథకంలో, అర్హత ఉన్న కుటుంబాల పిల్లలకు గుండె ఆపరేషన్లు చేయిస్తారు. పీహెచ్‌సీలోనో, ఆశా కార్యకర్తనో అడిగితే దారి చెప్తారు.

మరో ఆశ

జీబ్రా చేప ఇంకో వింత కూడా చూపించింది. పెద్ద చేప జఠరికలో అయిదో వంతు కత్తిరించేసినా, రెండు నెలల్లో అది మళ్లీ పెరుగుతుందని 2002లో అమెరికా శాస్త్రవేత్తలు చూపారు. మచ్చ కూడా మిగలలేదు. మన గుండె అలా చేయలేదు. చేప ఎలా చేస్తోందో తెలుసుకోవడానికే పుణె నుంచి ప్రపంచమంతటా ప్రయోగశాలలు పనిచేస్తున్నాయి. అది మనుషులకు చికిత్సగా రావడానికి ఇంకా సమయం పడుతుంది. ఈలోగా ‘గుండెను మళ్లీ పెంచుతాం’ అనే ప్రకటనలకు డబ్బు పోయకండి. ఇప్పుడున్న ఆపరేషన్లు, కాలిలోని రక్తనాళం గుండా గొట్టం పంపి రంధ్రం మూసే పద్ధతులు చాలామంది పిల్లలను మామూలు జీవితానికి చేరుస్తున్నాయి. వాళ్లు బడికి వెళ్తారు, పరుగెడతారు, పెళ్లిళ్లు చేసుకుంటారు.

ఇక ఆ తల్లికి చెప్పాల్సింది మిగిలింది. ఆ ప్రయోగంలో లోపమున్న పిండం నుంచి తీసిన కణాలు, దారి సరిగా ఉన్నచోట చక్కగా నడిచాయి. నీ బిడ్డ గుండె విషయంలో జరిగింది నువ్వు నెల తప్పావని తెలిసే నాటికే జరగడం మొదలైందమ్మా. అందులో నీ తప్పు లేదు. ఇక నుంచి నడవాల్సిన దారి మాత్రం మన చేతుల్లో ఉంది. సమయానికి ఎకో, సమయానికి చికిత్స, ఇంట్లో నాలుగు మంచి మాటలు. ఆ దారి సరిగా వేయడం ఇంటిల్లిపాదీ పని.